కాగితం మడత... వీణ మీటు... పనస మొక్క!

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు వరసగా మూడు ప్రశ్నలు అడుగుతారు. "మీరు వీణ టీచరు కదండీ, గోడ నిండా ఈ కాగితం బొమ్మలేంటి?" అన్నది మొదటిది. "వరండాలో ఈ పేపరు కప్పులేంటి, వాటిల్లో మట్టేంటి?" అన్నది రెండోది. "ఇన్నిటికీ మీకు టైమెక్కడిది?" అన్నది మూడోది.

మూడోదానికి జవాబు తేలికే. ఆడవాళ్లకి ఎవరూ టైమిచ్చి కూర్చోబెట్టరు, మనమే చూసుకోవాలి. మొదటి రెండింటికీ జవాబు చెప్పాలంటే మాత్రం కాస్త వెనక్కి వెళ్లాలి.

మాది విజయనగరం. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి సంగీతం మీద ఇష్టం కలగడం పెద్ద విశేషమేం కాదు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉన్నది ఇక్కడే. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ బాధ్యత చూశారు. ఘంటసాలగారు, సుశీలగారు చదువుకున్నదీ అక్కడే. నేను కూడా ఆ కళాశాలలోనే వీణలో డిప్లొమా చేశాను.

పెళ్లయ్యాక కచేరీలు కుదరలేదు. ఇంట్లో అత్తమామలు, ఇద్దరు పిల్లలు, మావారిది చిన్న ఉద్యోగం. అందుకని ఇంట్లోనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున ఆరింటికి ఒక బ్యాచి, సాయంత్రం ఐదింటికి ఇంకో బ్యాచి. మధ్యలో వంట, వార్పు, బట్టలు. ముప్ఫై ఏళ్లకి పైగా ఇదే వరస. మరి ఈ వరసలోకి జపాన్ కాగితం ఎలా వచ్చిందంటారా?

పురిటికి వెళితే...

2009 ఫిబ్రవరిలో మా అమ్మాయి పురిటికి టోక్యో వెళ్లాను. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనదేశం వాళ్లు బాగా ఉండే నిషి కసాయిలో వాళ్ల కాపరం. వీసా మూడు నెలలు. వెంట వీణ తీసుకెళ్లే వీలు లేదు. అమ్మాయి పడుకున్నప్పుడు, పసివాడు పడుకున్నప్పుడు ఆ చిన్న ఫ్లాటులో నాకేం తోచేది కాదు. రోజూ తీగల మీద ఆడే వేళ్లు కదా, ఖాళీగా ఉంటే లాగేసేవి.

పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. డెబ్భై దాటి ఉంటాయి. మనవడు పుట్టిన వారానికి చూడటానికి వచ్చి, వాడి పక్కన ఎర్ర కాగితంతో చేసిన కొంగని పెట్టారు. కొంగ వెయ్యేళ్లు బతుకుతుందని వాళ్ల నమ్మకం. మనం 'చిరంజీవ' అని దీవించినట్టన్నమాట. నేను ఆ కొంగని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఆవిడ నవ్వి, మర్నాడు ఇంకో కాగితం తెచ్చి నా ముందు కూర్చున్నారు. నాకు జపనీస్ రాదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, తెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా పాఠం మొదలైంది.

'ఓరి' అంటే మడవడం. 'కామి' అంటే కాగితం. రెండూ కలిస్తే ఓరిగామి. ఇప్పుడు ఎక్కువమంది పాటించే నియమం ఒకటుంది. చదరంగా ఉన్న కాగితం ఒక్కటే తీసుకోవాలి. కత్తెర పెట్టకూడదు. జిగురు పూయకూడదు. కొంగ మెడైనా, రెక్కైనా, తోకైనా ఆ ఒక్క కాగితంలోంచే రావాలి. తీసేయడం లేదు, కలపడం లేదు.

ఆవిడ దగ్గరే ఇంకో విద్య కూడా చూశాను. దాని పేరు చిగిరి-ఎ. అంటే చింపిన కాగితాలతో అతికించిన బొమ్మ. దీంట్లోనూ కత్తెర వాడరు. జపాన్ చేతి కాగితాన్ని వేళ్లతో నెమ్మదిగా చింపితే అంచున సన్నటి నూలుపోగుల్లాంటివి బయటికొస్తాయి. వాటితో ఆకు ఈనె, పిల్లి బొచ్చు, నీటి అల ఎంత సహజంగా వస్తాయో! దూరం నుంచి చూస్తే రంగులేసిన బొమ్మే అనుకుంటాం.

భాష రాకపోయినా చదవొచ్చు

వెళ్లేటప్పుడు ఆవిడ నాకో పుస్తకం ఇచ్చారు. దాంట్లో ఒక్క అక్షరం నాకు తెలియదు. కానీ బొమ్మలు చూసి మడవగలిగాను. చిన్న గీతలుగా వేస్తే లోపలికి మడవాలి, గీతా చుక్కా కలిపి వేస్తే బయటికి మడవాలి, బాణం గుర్తు ఎటుంటే అటు తిప్పాలి. ఈ పద్ధతికి బాట వేసింది అకిరా యోషిజావా అనే కళాకారుడు. 1954లో వచ్చిన ఆయన పుస్తకంలోని గుర్తులే కొద్ది మార్పులతో ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నారు.

ఈ యోషిజావా కథ వింటే మన కళాకారులే గుర్తొస్తారు. 1911లో పుట్టారు. మొదట ఫ్యాక్టరీలో పని. అక్కడి కుర్రాళ్లకి క్షేత్రగణితం చెప్పడానికి కాగితం మడతలు వాడేవారట. పాతికేళ్లు దాటాక ఉద్యోగం మానేసి ఈ కళే పట్టుకున్నారు. రోజు గడవడానికి ఇంటింటికీ తిరిగి నిలవ కూరలు అమ్మారు. నలభై ఏళ్ల వయసులో ఒక పత్రిక కోసం పన్నెండు రాశుల జంతువులు మడిచి ఇచ్చాక గానీ ఆయనెవరో లోకానికి తెలియలేదు. 2005లో, సరిగ్గా తొంభై నాలుగో పుట్టినరోజున కన్నుమూశారు.

ఆ బాణం గుర్తులు చూస్తుంటే నాకు సుబ్బరామ దీక్షితులుగారు మనసులో మెదిలారు. 1904లో ఎట్టయాపురంలో అచ్చయిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు పుస్తకమే. స్వరం మీద గమకం ఎలా పలకాలో దాంట్లో చిన్న చిన్న గుర్తులతో చూపించారు. గురువు ఎదురుగా లేకపోయినా విద్య పోకూడదని ఇద్దరూ పడిన తపన ఒక్కటే కదా! ఒకరు స్వరాన్ని కాగితం మీద పెట్టారు, ఒకరు మడతని కాగితం మీద పెట్టారు.

అదే నెలాఖరులో ఇంకో తమాషా జరిగింది. మార్చి చివర్లో అక్కడ చెర్రీ చెట్లు పూస్తాయి. ఊరంతా చెట్ల కిందే ఉంటుంది. పెద్దావిడ మమ్మల్ని కూడా తీసుకెళ్లి, కూర్చున్నచోటే 'సకుర' పాట సన్నగా పాడారు. అక్కడ చిన్నపిల్లలకి కూడా వచ్చే పాటది. వింటుంటే నా వేళ్లు ఒళ్లోనే మెట్లు వెతుక్కున్నాయి. షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం. మన కర్ణాటక శుద్ధ సావేరిలో ఉండే అయిదు స్వరాలూ అవే! నేను అదే స్వరాలతో ఒక ఆలాపన పాడితే ఆవిడ కళ్లు పెద్దవి చేసి చూశారు. ఆ తర్వాత మాకు భాష రాలేదన్న బాధే లేదు.

ఇదెలా వదిలేస్తాం?

పర్యావరణం అన్న మాట నేను మొదట పుస్తకంలో నేర్చుకోలేదు, ఆ బిల్డింగ్ చెత్తబుట్ట దగ్గర నేర్చుకున్నాను. పాల కార్టన్లు కడిగి, విప్పి, ఆరబెట్టి కట్టలు కట్టేవారు. పాత పేపర్లు దారంతో కట్టి, చెప్పిన రోజునే బయట పెట్టేవారు. వాళ్లు మాటిమాటికీ అనే మాట 'మొత్తాయినాయ్'. 'అయ్యో, వృథా అయిపోతోందే' అని దానర్థం. అన్నం మెతుకు కింద పడితే మా అమ్మమ్మ అనే 'అయ్యో' కూడా అదే.

వంగారి మథాయ్ గారి పేరు మీరు వినే ఉంటారు. కెన్యాలో 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టి, పల్లెటూరి ఆడవాళ్ల చేత లక్షల మొక్కలు నాటించిన మహిళ. 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. మరుసటి ఏడాది జపాన్ వెళ్లినప్పుడు ఈ 'మొత్తాయినాయ్' మాట ఆవిడకి ఎంతగానో నచ్చి, తర్వాత చాలా చోట్ల చెప్పారు. అలాగని జపాన్‌లో అంతా బాగుందని నేను అనను. ఒక్కో బిస్కెట్టుకి ఒక్కో ప్లాస్టిక్ కవరు చుట్టడం కూడా అక్కడే చూశాను.

జపాన్ చేతి కాగితాన్ని 'వాషి' అంటారు. దాన్ని ఎక్కువగా 'కోజో' అనే మొక్క బెరడుతో చేస్తారు. ఇది మల్బరీ జాతి మొక్క. చలికాలంలో కొమ్మలు మాత్రం కోస్తారు. మోడు అలాగే ఉంటుంది, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. కొమ్మల్ని ఆవిరి పట్టి, బెరడు ఒలిచి, ఉడకబెట్టి, దంచి, నీళ్లలో కలిపి, జల్లెడ లాంటి చట్రంతో తేలుస్తారు. 2014లో మూడు ఊళ్ల వాషి తయారీ విద్యని యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది.

మన మిల్లులకి సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్ర వెళుతుంది. జామాయిల్ కూడా కొట్టేశాక మోడు నుంచి చిగురిస్తుంది. కాబట్టి వాళ్ల కాగితం పుణ్యం, మన కాగితం పాపం అని చెప్పలేం. తేడా అంతా మనం వాడే తీరులోనే ఉంది.

దానికి హిరోషిమా సంగతే చూడండి. రెండేళ్ల వయసులో అణుబాంబు దాడికి గురైన సదాకో ససాకీ అనే పాపకి తర్వాత రక్త క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రిలో మందుల పొట్లాల కాగితాలతో కూడా కొంగలు మడిచింది. 1955లో, పన్నెండేళ్లకే చనిపోయింది. తోటి పిల్లలు చందాలు పోగు చేయగా 1958లో ఆమె పేరు తలుచుకునే స్మారకం వెలిసింది. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఏటా దాదాపు కోటి కాగితం కొంగలు అక్కడికి వస్తాయి. వాటి బరువే పది టన్నులు! శాంతి కోసం పంపినవి చెత్తలో వేయలేరు, అన్నీ దాచనూ లేరు. అందుకే ఆ కాగితాన్ని మళ్లీ కాగితంగా మార్చి వాడుతున్నారు. మంచి పని చేసినా దాని వెనక మిగిలే కాగితం గురించి కూడా ఆలోచించాలని నాకు అర్థమైంది అప్పుడే.

మూడు కాలాలకి మూడు మడతలు

తిరిగొచ్చాక నా క్లాసులో మొదట మారింది సరళీ స్వరాలు చెప్పే పద్ధతి. పిల్లలకి మూడు కాలాలు చెప్పడం ఎంత కష్టమో సంగీతం టీచర్లకి తెలుసు. రెండో కాలం అనగానే తాళం వేగం పెంచేస్తారు. ఎంత చెప్పినా చెయ్యి ఆగదు.

ఒకరోజు పాత కేలండర్ కాగితాన్ని పొడుగ్గా చింపి తలా ఒకటి ఇచ్చాను. "ఇది ఒక దెబ్బ. దీన్ని సగానికి మడిచి విప్పండి. ఎన్ని గళ్లు?" రెండు. "మళ్లీ మడిచి, ఇంకోసారి సగానికి మడవండి." నాలుగు. "కాగితం పొడుగు పెరిగిందా?" లేదు. "మరి తాళం వేగం ఎందుకు పెంచుతున్నారు?" పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆ రోజు తర్వాత ఆ బ్యాచిలో తాళం పరుగెత్తలేదు. తిశ్రం చెప్పేటప్పుడు అదే కాగితాన్ని మూడు సమభాగాలుగా మడవమంటాను. చూడటానికి తేలిక, చేస్తే ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది. గొంతులోనూ అంతే మరి!

గడుసు పిల్లలకి ఓపిక నేర్పడానికి కూడా ఈ మడతలే సాయం. కొంగ మొదటి మడత వంకర పోతే చివర్లో ముక్కు సరిగ్గా రాదు. మొదటి స్వరం శ్రుతి తప్పితే వర్ణం అంతా తప్పుతుంది. ఈ మాట నేను చెబితే ఎక్కదు, కాగితం చెబితే ఎక్కుతుంది.

పెరట్లో పనసచెట్టు

ఇంతవరకూ ఇదంతా నాకూ, నా పిల్లలకీ సంబంధించిన సరదా. సరదా కాస్తా బాధ్యతగా మారింది 2014లో.

ఆ ఏడు సిరిమానోత్సవం అయిన కొద్దిరోజులకే, అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖ దగ్గర తీరం దాటింది. మా జిల్లాలోనూ వేల చెట్లు కూలిపోయాయి. మా వంటింటి పెంకులు ఎగిరిపోయాయి. పెరట్లో ఉన్న పనసచెట్టు వేళ్లతో సహా గోడ మీద పడింది. మా అత్తగారు కాపరానికి వచ్చిన ఏడాది నాటిన చెట్టది. ఏటా వీధి వీధంతా దాని కాయలు తిన్నవాళ్లే.

మూడోనాడు కర్ర డిపో అతను వచ్చాడు. పద్దెనిమిది వేలు ఇస్తానన్నాడు, కోత ఖర్చు తనదే అన్నాడు. ఆ రోజుల్లో పెంకులకీ కూలీకీ రేటు ఎలా ఉందో అందరికీ గుర్తే. మావారు అప్పటికే రిటైరయ్యారు. "ఇచ్చేద్దాం" అన్నారు. నేను, "ఏమండీ, వీణకి పనికొస్తుందేమో ఒక్కమాట అడిగి చూద్దాం" అన్నాను.

"ఇల్లు కారుతుంటే నీకు వీణలు గుర్తొస్తున్నాయా?" అన్నారు. ఆయన మాటలో అన్యాయం లేదు. నాలుగు గదుల్లో రెండింట్లో గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాం. రెండు రోజులు ఇంట్లో సరిగ్గా మాటల్లేవు.

మూడో రోజు మా అత్తగారు మంచం మీంచి అందుకున్నారు. "చెట్టు నాటింది నేను. నన్నెవరూ అడగరేం?" అన్నారు. అందరం ఆవిడ వైపు చూశాం. "పొయ్యిలో పెట్టుకోడానికి నాటలేదు నేను. కోడలు అడిగింది చూడండి" అన్నారు. అంతే, ఇక ఎవరూ మాట్లాడలేదు. నా చేతి గాజులు ఒక జత బ్యాంకులో పెట్టి పెంకులు వేయించాం. వాటిని విడిపించడానికి పదహారు నెలలు పట్టింది. ఆ పదహారు నెలలూ పెళ్లిళ్లకి మట్టిగాజులతోనే వెళ్లాను.

మొద్దు పాడుతుందా?

బొబ్బిలి పక్కన గొల్లపల్లి అని ఊరుంది. తరతరాలుగా వీణలు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. బొబ్బిలి వీణ ప్రత్యేకత 'ఏకాండి'. అంటే కుండ, దండి, మొత్తం వీణ ఒకే పనస దుంగలోంచి తొలిచి తీస్తారు. అతుకు ఉండదు. పనస కర్ర తేలిగ్గా ఉంటుంది, నాదం బాగా పలుకుతుంది, చెదకి తొందరగా లొంగదు.

అక్కడి నుంచి వచ్చిన పనివాడు మొద్దు చుట్టూ తిరిగి, వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. "చేవ బాగుందమ్మా. కింది ముక్క ఏకాండికి సరిపోతుంది. పైది అతుకు వీణకే వస్తుంది" అన్నాడు. తర్వాత అతను చెప్పిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. "మా తాతల కాలంలో పనస ఊళ్లోనే దొరికేదమ్మా. ఇప్పుడు ముదురు చెట్టు కోసం ఊళ్లు పట్టుకు తిరగాలి. పనితనం మా చేతుల్లో ఉంది, కర్ర ఏదీ?"

ఒకే కాగితం, కత్తెర వద్దు, జిగురు వద్దు. ఒకే దుంగ, అతుకు వద్దు. టోక్యోలో నేను నేర్చుకున్న సూత్రం నా పక్క ఊళ్లో వందల ఏళ్లుగా ఉందని అప్పుడు తట్టింది. కానీ కాగితం పోతే ఇంకో కాగితం కొనుక్కోవచ్చు. వీణకి సరిపడే పనస కావాలంటే ముప్ఫై, నలభై ఏళ్లు ఆగాలి. ఇవాళ ఎవరూ నాటకపోతే మనవల కాలానికి వీణ బొమ్మల్లోనే మిగులుతుంది.

మొద్దుని నీడన ఆరబెట్టారు. 2016 విజయదశమికి రెండు వీణలూ ఇంటికొచ్చాయి. 24 మెట్లూ మైనం మీద కూర్చి, తీగలు బిగించి, మాయామాళవగౌళ మీటితే మా అత్తగారు కళ్లు మూసుకుని విన్నారు. "పనసపొట్టు కూర అంత బాగా లేదు గానీ, బానే ఉంది" అన్నారు. అంతకన్నా పెద్ద మెప్పు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

పొట్టు కూడా పోలేదు

తొలిచినప్పుడు రాలిన చెక్క పొట్టు రెండు బస్తాలు తెచ్చుకున్నాను. పెద్ద ముక్కలతో పనివాళ్లు చిన్న చిన్న బొమ్మ వీణలు చేసుకుంటారు, పొట్టు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పనస చేవలో పసుపు రంగు ఉంటుంది. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకి ఆ రంగు అద్దేవారు. పొట్టుని రాత్రంతా నానబెట్టి, ఉడకబెట్టి, చిటికెడు పటిక వేస్తే నిమ్మపండు రంగు దిగుతుంది. దాన్ని తెల్ల చేతి కాగితం మీద పూసి ఆరబెట్టుకుంటాను. మా గంటస్తంభం మీద పడే సాయంత్రపు ఎండ, పెద్దచెరువు గట్టు, అత్తగారి పసుపు చీర, ఇవన్నీ నా చిగిరి-ఎ బొమ్మల్లో ఆ రంగుతోనే వచ్చాయి. ఏడాదికి నాలుగైదు అమ్ముడుపోతాయి. ఆ డబ్బు వీణ తీగలకీ, మెట్ల మరమ్మతుకీ సరిపోతుంది.

ఏకాండి వీణ మా హాల్లో ఉంటుంది. వీణ కొనలేని పిల్లలు దాని మీదే సాధన చేస్తారు. రెండోది ఇంటికి ఇచ్చి పంపుతాను. అద్దె లేదు, ఒకటే షరతు. ఇంటి దగ్గరో, బడిలోనో, ఊళ్లో చేలగట్టునో ఒక పనస మొక్కని బతికించి చూపించాలి. ఇప్పుడా వీణ ఒక ఆటో డ్రైవరుగారి అమ్మాయి దగ్గర ఉంది. నిరుడు వర్ణాల్లోకి వచ్చింది. వాళ్ల తాతగారి ఊళ్లో నాటిన మొక్క ఆ పిల్ల భుజం దాటింది.

విజయదశమికి గురుదక్షిణగా బట్టలు, పళ్లు తేవొద్దని అందరికీ చెప్పేశాను. పనస తొనలు తిన్నాక గింజ తెస్తే చాలు. పేపరు కప్పు మడిచి దాంట్లో నాటుతాం. ఇప్పటిదాకా అరవై మొక్కల పైనే బయట నాటాం. బతికినవి ఇరవై మూడు. కొన్ని మేకలు తిన్నాయి, కొన్ని ఎండకి పోయాయి, రెండు రోడ్డు వెడల్పులో పోయాయి, ఒకటి బడిలో కొత్త గది కట్టడానికి కొట్టేశారు. అందుకే నాటిన లెక్క కన్నా బతికిన లెక్కే పిల్లల చేత నోటుబుక్కులో రాయిస్తాను. పండగనాడు ఫొటో దిగి వదిలేసిన మొక్క, సాధన చేయని పాఠం ఒక్కటే.

ఈ ఇరవై మూడులో ఎన్ని ముదురుతాయో, ఎన్నిటికి చేవ పడుతుందో తెలియదు. అవి వీణ అయ్యేనాటికి నేనుండను, పనివాడి కొడుకు ఈ పనిలో ఉంటాడో లేదో కూడా తెలియదు. కానీ మా అత్తగారు మొక్క నాటినప్పుడు ఆవిడకి వీణ సంగతి తెలుసా? కాయ తిందామనే నాటారు. మీ పెరట్లో జాగా ఉంటే మీరూ కాయ కోసమే నాటండి. మిగతాది తర్వాతివాళ్లు చూసుకుంటారు.

మీరూ మొదలుపెట్టండి

పేపరు కప్పు: పాత న్యూస్ పేపరుని చదరంగా చింపుకోండి. మూలకి మూల కలిపి మడిస్తే త్రికోణం అవుతుంది. మడత అంచు మీ వైపు ఉంచండి. కుడి మూలని ఎదురుగా ఉన్న ఎడమ అంచు మధ్యకి, ఎడమ మూలని కుడి అంచు మధ్యకి మడవండి. పైన రెండు కొసలు మిగులుతాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వంచి నోరు తెరిస్తే కప్పు తయారు. రంగురంగుల మెరుపు కాగితం దీనికి వద్దు.

పనస గింజ: ఎండిన గింజ సరిగ్గా మొలవదు. పండు తిన్న ఒకటి రెండు రోజుల్లోనే జిగురు కడిగి నాటేయాలి. కప్పులు ఒరిగిపోకుండా పాత ట్రేలో పక్కపక్కనే పేర్చి, మట్టి నింపి, వేలి కణుపు లోతున గింజ పెట్టండి. తడి ఆరకుండా చూస్తే కొన్ని వారాల్లో మొలక వస్తుంది. పనసకి తల్లివేరు తొందరగా దిగుతుంది, దాన్ని కదిపితే మొక్క నిలవదు. అందుకే మొలక జానెడు కాకముందే కప్పుతో సహా నేలలో పెట్టేయండి. కాగితం మట్టిలో కలిసిపోతుంది.

చింపి అతికే బొమ్మ: కాగితానికి కూడా నారు ఒక వైపుకి ఉంటుంది. పొడుగ్గా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. ఒకవైపు తిన్నగా వస్తుంది, రెండోవైపు వంకరపోతుంది. చెట్టు కాండానికి తిన్న అంచు, కొండకీ మబ్బుకీ వంకర అంచు వాడుకోండి. అతికించడానికి పల్చటి మైదా జిగురు చాలు. పాత శుభలేఖలు, కేలండర్లు, గిఫ్టు ప్యాకింగ్ కాగితాలు అన్నీ పనికొస్తాయి.

ఒక జాగ్రత్త: న్యూస్ పేపరులో వేడి బజ్జీలు, పకోడీలు చుట్టకండి. అచ్చు సిరా ఆహారంలో కలుస్తుందని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. ఆ పేపరు కప్పులు మొక్కలకే ఉంచండి.